పిన్ను పీకినవా?

అమ్మ పోయిన మూడో నెలలో ఆమె ట్రంకు పెట్టె తెరిచాను. ఒక పట్టుచీర, పాత రేషను కార్డులు, నాన్న గుర్తింపు కార్డు, అన్నిటికీ అడుగున ఒక పాలపిండి డబ్బా. ఊపి చూడగానే లోపల ఏముందో తెలిసిపోయింది. తెగిన కాయిలు ముక్కలు, తెల్లటి పింగాణీ పూసలు, సగానికి పగిలిన హీటరు ప్లేటు, ఇత్తడి స్క్రూలు రెండు, ఒక టెస్టరు, ఉండ చుట్టిన పురికొస. నాన్న పనిముట్లు గోడకు మేకు కొట్టి వేలాడేవి. అమ్మ పనిముట్లు పట్టుచీర కింద దాక్కుని ఉన్నాయి. వాటిని పనిముట్లని మా ఇంట్లో ఎవరం ఎప్పుడూ అనలేదు.

కొత్తగూడెం చుట్టుపక్కల కాలనీల్లో పెరిగినవాళ్ళకు హీటరు అంటే చలి కాచుకునేది కాదు, నీళ్ళ బకెట్లో ముంచేదీ కాదు. వంట చేసే కరెంటు పొయ్యి. ఒక రేకు డబ్బా, దాని మీద చుట్లు చుట్లుగా గాడి ఉన్న పింగాణీ ప్లేటు, గాడిలో స్ప్రింగులా సాగి పడుకున్న కాయిలు. పైన కప్పు ఉండదు. ఎర్రగా కాలిన కాయిలు మీదే నేరుగా గిన్నె పెట్టేవాళ్ళం. నాన్నకు రెండో షిఫ్టు ఉన్న వారాల్లో, ఆయన బావికి పోయాక, మధ్యాహ్నం మూడున్నరకు అమ్మ ఆ హీటరును ముందేసుకుని కూచునేది. పక్కన పాత వార్తాపత్రిక, చీపురుపుల్లలు, వాడేసిన పళ్ళ బ్రష్షు, ఒక పొడిగుడ్డ. కూచునే ముందు ఒకే ఒక్క మాట, వాకిట్లో ఆడుకుంటున్న నా వైపు చూసి గట్టిగా: "పిన్ను పీకినవా?"

పిన్ను పీకింది ఆమే. అయినా అడిగేది. నేను లేచివచ్చి సాకెట్టు చూసి, పీకి ఉందని చెబితేగానీ చెయ్యి పెట్టేది కాదు. అది అతి జాగ్రత్త అనుకునేదాన్ని. ఎందుకలా అడిగేదో చాలా ఏళ్ళకు తెలిసింది. ఆ సంగతికి వస్తాను.

మా ప్రాంతపు బొగ్గు చరిత్ర ఎవరు రాసినా ఒకే చోట మొదలుపెడతారు. 1871లో జియలాజికల్ సర్వే అధికారి విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు పొరలు గుర్తించడం, 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ రావడం, 1920లో సింగరేణి కాలరీస్ ఏర్పడటం. కరెంటు చరిత్ర రాసేవాళ్ళు 1966 దగ్గర మొదలుపెడతారు. ఆ ఏడూ మరుసటి ఏడూ కలిపి పాల్వంచలోని కొత్తగూడెం థర్మల్ కేంద్రంలో అరవై మెగావాట్ల యూనిట్లు నాలుగు మొదలయ్యాయి. డెబ్బైలలో ఇంకో నాలుగు చేరి మొత్తం 720 మెగావాట్లయింది. బొగ్గు సింగరేణిది, నీళ్ళు కిన్నెరసానివి. ఈ చరిత్రల్లో టన్నులున్నాయి, మెగావాట్లున్నాయి, సమ్మెలున్నాయి, అవి ఉండవలసినవే. అయితే అక్కడ తవ్విన బొగ్గు కరెంటుగా మారి తీగ మీద నడిచి, పది పన్నెండు కిలోమీటర్ల అవతల ఒకామె వంటింట్లో ఎర్రగా కాలినప్పటి కథ వాటిలో కనిపించదు. 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు, తెలంగాణ సాయుధ పోరాటంలో ఆడవాళ్ళు ఏం చేశారని వాళ్ళనే అడగొచ్చని మనం నేర్చుకున్నాం. పోరాటం గురించి అడిగాం. పొయ్యి గురించి అడగాలని తట్టడానికి నాకైతే ఇన్నేళ్ళు పట్టింది.

హీటరుకు ముందు మా ఇంట్లో కట్టెలు, బొగ్గు రెండూ ఉండేవి. బొగ్గు పొయ్యి వాకిట్లో రాజేసి, పొగంతా పోయాక లోపలికి తెచ్చేవాళ్ళు. కాలనీ అంతా ఒకే సమయానికి రాజేస్తే పొద్దున ఆరింటికి ఎదురింటి తలుపు కనబడేది కాదు. కట్టెలు కోయ స్త్రీలు తెచ్చేవాళ్ళు. అడవి అంచు ఊళ్ళ నుంచి మోపు నెత్తిన పెట్టుకుని, చీకటితో బయలుదేరి, పాల్వంచ, కొత్తగూడెం రోడ్ల మీద బారులు తీరి వచ్చేవాళ్ళు. మా ఇంటికి వచ్చే ఆమె మోపు దించి, మెడ పట్టుకుని కాసేపు కళ్ళు మూసుకునేది. అమ్మ మంచినీళ్ళిచ్చాక బేరం. అడవి నుంచి కట్టె తేవడం నేరమని ఆమెను ఎక్కడైనా ఆపవచ్చు. ఆ భయం కూడా మోపులో కలిసే ఉండేది.

హీటరు వచ్చాక అమ్మ ఆమె దగ్గర కట్టెలు కొనడం తగ్గించింది, తరువాత మానేసింది. ఒకసారి ఆమె గుమ్మంలో నిలబడి ఎర్రగా కాలుతున్న కాయిలును వంగి చాలాసేపు చూసింది. మంట లేదు, పొగ లేదు, ఎసరు మాత్రం మరుగుతోంది. "మా గుంపుకు ఇది రాదా?" అని అడిగిందట. అప్పటికి వాళ్ళ గుంపులో దీపం వెలిగే కరెంటు కూడా లేదు. థర్మల్ కేంద్రం పొగ గొట్టాలు మాత్రం వాళ్ళ చేల గట్ల మీంచి కనబడేవి. ఎనభైల చివర కుటీర జ్యోతి పథకం వచ్చి పేదల ఇళ్ళకు ఒక్కో బల్బు కనెక్షను ఇవ్వడం మొదలైంది. ఒక బల్బు. పొయ్యి సంగతి ఆ పథకం ఊహలో లేదు.

మా కాలనీలో హీటరు ఎందుకంతగా పాకిందంటే జవాబు సులభం. గని కార్మికుల క్వార్టర్లకు కరెంటు జీతంతోపాటు వచ్చే సదుపాయం. గ్యాసు కనెక్షను కోసం ఏళ్ళ తరబడి వరసలో ఉండాల్సిన రోజుల్లో, మీటరు భయం లేని కరెంటు ఉన్న ఇంట్లో హీటరు కొనకపోవడమే వింత. తక్కువ ధరకు దొరికేది. కాయిలు పోతే కాయిలు, ప్లేటు పోతే ప్లేటు విడిగా కొట్లో అమ్మేవాళ్ళు. మగవాళ్ళు దీన్ని ఉచిత వంట అనేవాళ్ళు. నాకు ఆ మాట దగ్గరే పేచీ. కరెంటు ఉచితమే కావచ్చు. పొయ్యిని ప్రతి వారం విప్పి, దులిపి, బిగించి, తెగినప్పుడు అతికి, ఆ పక్కనే తడికాళ్ళతో నిలబడి ముప్పై ఏళ్ళు వండిన మనిషి శ్రమ ఏ ఖాతాలోనూ పడలేదు గనక ఉచితమైంది. రూత్ ష్వార్ట్జ్ కోవన్ 1983లో 'మోర్ వర్క్ ఫర్ మదర్' అనే పుస్తకంలో అమెరికా వంటిళ్ళ గురించి రాసింది ఇదే: ఇంటి యంత్రాలు మగవాళ్ళూ పిల్లలూ చేసే పనిని తగ్గించాయి, తల్లికి మిగిలిన పని మాత్రం మిగిలిపోయింది. మా ఇంట్లో కట్టెలు కొట్టే పని నాన్నది. హీటరు వచ్చాక ఆ పని పోయింది. హీటరు బాగుచేసే పని అమ్మకు కొత్తగా వచ్చింది.

కరెంటు పొయ్యి గురించిన మొదటి వంట పుస్తకం కూడా గనుల ఊరిలోనే పుట్టిందని తెలిసినప్పుడు నాకు నవ్వొచ్చింది. పశ్చిమ ఆస్ట్రేలియాలో కాల్గూర్లీ అనే బంగారు గనుల పట్టణం. అక్కడి మునిసిపల్ ఎలక్ట్రికల్ ఇంజనీరు డేవిడ్ కర్ల్ స్మిత్ 1905లో ఒక విద్యుత్ పొయ్యిని రూపొందించాడు. అతని భార్య నోరా కర్ల్ స్మిత్ 1907లో దాని మీద వండే పద్ధతులూ, పొయ్యిని నడిపే సూచనలూ కలిపి 161 వంటలతో ఒక పుస్తకం ప్రచురించింది. పొయ్యి ఎంతోకాలం నడవలేదు, పుస్తకం మాత్రం నిలిచింది. పేటెంటు భర్తది, వంటింట్లో దాన్ని పని చేయించే జ్ఞానం భార్యది. ఆ జ్ఞానం అచ్చయింది గనక ఇవాళ నోరా పేరు మనకు తెలుసు. ఆ మరుసటి సంవత్సరాల్లోనే నికెల్, క్రోమియం కలిసిన నైక్రోమ్ తీగ వాడకంలోకి వచ్చింది. దానికి పేటెంటు 1906లో ఆల్బర్ట్ మార్ష్ పేరున ఉంది. మా హీటరులో కాయిలు దాని వారసురాలే. ఎర్రగా కాలుతూ గాలి తగులుతున్నా కాలిపోకుండా ఉండటానికి కారణం, వేడికి దాని మీద ఏర్పడే క్రోమియం ఆక్సైడు పొర. ఆ పలుచని పొరే దానికి తొడుగు.

అమ్మకు ఆక్సైడు పేరు తెలియదు. కానీ కాయిలును కత్తితో గానీ ఇసకతో గానీ గీకితే ఒప్పుకునేది కాదు. "మెరిస్తే తెగుద్ది" అనేది. కొత్త పెళ్ళికూతురు ఒకామె కాయిలును గిన్నె తోమే పీచుతో తళతళలాడేలా తోమి గొప్పగా చూపిస్తే, వారంలో కొత్త కాయిలు తెచ్చుకోమని చెప్పింది. వారం కూడా పట్టలేదు.

ఆమె శుభ్రం చేసే పద్ధతి ఇదీ. ముందు పిన్ను పీకడం. తరువాత ప్లేటు పూర్తిగా చల్లారేదాకా, కనీసం గంటసేపు, ముట్టుకోకపోవడం. పింగాణీ వేడిని పట్టుకుని ఉంటుంది, వేడి ప్లేటు మీద చల్లటి తడిగుడ్డ పడితే పెటిల్లున పగులుతుంది. చల్లారాక హీటరును వార్తాపత్రిక మీద బోర్లించి అరచేత్తో మెల్లగా తట్టడం. మాడిన మెతుకులు, ఆవాలు, కరివేపాకు బూడిద రాలతాయి. గాడిలో అంటుకున్న గంజి పెచ్చును చీపురుపుల్లతో, పక్కల్ని పొడి బ్రష్షుతో. నీళ్ళు మాత్రం ప్లేటు దరిదాపుల్లోకి రానిచ్చేది కాదు. రేకు డబ్బాను మటుకు గట్టిగా పిండిన గుడ్డతో తుడిచి, మొత్తం హీటరును ఎండలో పెట్టేది.

ఎండిన తరువాత అసలు పని. అడుగు రేకు విప్పి కాయిలు రెండు కొసలూ తీగకు కలిసే చోట స్క్రూలు చూసేది. రోజూ కాలి చల్లారే లోహం సాగుతూ ముడుచుకుంటూ స్క్రూను వదులు చేస్తుంది. వదులైన చోట నిప్పురవ్వలు, నిప్పురవ్వలున్న చోట మాడిన వాసన. అక్కడి తీగ మీద రబ్బరు తొడుగు నిలవదు గనక పింగాణీ పూసలు గుచ్చి ఉంటాయి. పూస పగిలితే డబ్బాలోంచి ఇంకోటి. చిన్నప్పుడు ఆ పూసలు దండ గుచ్చుకుంటానని ఏడిస్తే ఒక్కటి కూడా ఇవ్వలేదు. ఇప్పుడు నా గుప్పిట్లో పదిహేడున్నాయి.

కొత్త కాయిలు వెయ్యడం చూడాల్సిన పని. కొట్లోంచి వచ్చినప్పుడు కాయిలు జానెడు కూడా ఉండదు, బిగుతుగా ఉంటుంది. అమ్మ పురికొసను ప్లేటు గాడి పొడవునా మొదటి నుంచి చివరిదాకా పరిచి, కొస పట్టుకుని తీసేది. ఆ పురికొస ఎంత పొడవుంటే కాయిలును అంత పొడవుకు, రెండు చేతులతో, అన్ని చుట్ల మధ్యా ఒకే సందు ఉండేలా సాగదీసేది. ఒకచోట ఎక్కువ సాగి ఒకచోట దగ్గరగా ఉంటే దగ్గరగా ఉన్నచోట వేడెక్కువై తెగుతుంది. పైగా కొత్తది కాబట్టే సాగుతుంది. ఒకసారి కాలి చల్లారిన కాయిలు పెళుసు, లాగితే పుటుక్కుమంటుంది. ఇవన్నీ ఆమెకు ఎవరు చెప్పారని ఒకసారి అడిగాను. "ఎవరు చెప్తరు? తెంపుకుంట నేర్చుకున్న" అంది.

అమ్మ చేసిందంతా సరైనదేనని చెప్పను. తెగిన కాయిలును ముడివేసేది. కాలనీలో అందరూ వేసేవాళ్ళు, ఇదొక విద్యగా చెప్పుకునేవాళ్ళు. మాడిన కొసలు విరిచి, రెండు మంచి కొసలు మెలిపెడితే హీటరు వెలుగుతుంది, ముందుకంటే ఎర్రగా వెలుగుతుంది. మంచిదయిందని సంబరపడేవాళ్ళం. నిజానికి జరిగేది వేరు. కాయిలులో పదోవంతు పోతే నిరోధం పదోవంతు తగ్గుతుంది, కరెంటు పెరుగుతుంది, వేడి దాదాపు పదకొండు శాతం ఎక్కువవుతుంది. ముడి దగ్గర ఇంకా ఎక్కువ. మళ్ళీ అక్కడే తెగుతుంది. ఈలోపు గోడలోని తీగ, సాకెట్టు ఆ అదనపు భారాన్ని మోస్తాయి. రెండువేల వాట్ల హీటరు 230 వోల్టుల మీద తొమ్మిది ఆంపియర్లకు దగ్గరగా లాగుతుంది. దాన్ని ఐదు ఆంపియర్ల చిన్న సాకెట్టులో పెట్టి వండని ఇల్లు మా వరసలో లేదు. పిన్నులు నల్లబడేవి, సాకెట్టు పెదవులు కరిగేవి. అమ్మ పిన్నుకు గరుకు కాగితం పట్టేది. చెయ్యాల్సింది పెద్ద సాకెట్టు, దానికి తగిన తీగ, ఎర్తు. అది గోడ పని, గోడ పని మగవాళ్ళది. నాన్న చేస్తానంటూనే రిటైరయ్యాడు.

ఇప్పుడు పిన్ను సంగతి.

ఎనభైల నడుమ మా పక్క వరసలో ఒకామె హీటరు దగ్గర చనిపోయింది. నాకప్పుడు పదేళ్ళు. ఆమెను పెద్దమ్మా అని పిలిచేవాళ్ళం. సిల్వరు గిన్నెలో పప్పు పొంగింది. స్విచ్చి ఆపి, గిన్నె దించకుండానే తడిచేత్తో ఇనప గరిటెతో కలపబోయింది. కాళ్ళ కింద అప్పుడే కడిగిన గచ్చు. అంతే.

స్విచ్చి ఆపాక కరెంటు ఎలా వచ్చిందని కాలనీ అంతా అడిగింది. దెయ్యం అన్నవాళ్ళూ ఉన్నారు. కారణం చాలా చిన్నది. మా ఇళ్ళలో హీటర్లకు ఉన్నవి రెండు పిన్నుల ప్లగ్గులు, ఎటు తిప్పి పెట్టినా పట్టేవి. స్విచ్చి రెండు తీగల్లో ఒక్కదాన్నే తెంపుతుంది. సాకెట్టులో ఫేజు, న్యూట్రల్ తారుమారైతే స్విచ్చి న్యూట్రల్‌ను తెంపుతుంది, ఫేజు కాయిలులో అలాగే ఉంటుంది. కాయిలు నల్లగా చల్లగా కనబడుతుంది, ముట్టుకుంటే చంపుతుంది. ఆ సాకెట్లు ఎవరి ఇంట్లో వాళ్ళు తోచినట్టు బిగించుకున్నవి. దీనికి ఒక్కటే విరుగుడు, పిన్ను పూర్తిగా పీకడం. అమ్మ సరిగ్గా అదే కనిపెట్టింది. పెద్దమ్మ దినవారాలు అయ్యేలోపల, సిద్ధాంతం తెలియకుండా, టెస్టరు పట్టుకుని వరసలో ఇంటింటికీ తిరిగి, స్విచ్చి ఆపిన హీటర్లను ముట్టించి చూసింది. టెస్టరు వెలిగిన ఇళ్ళ వాళ్ళందరికీ ఒకే మాట చెప్పింది. స్విచ్చిని నమ్మొద్దు, పిన్ను పీకండి.

ఈ కథలో నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇంకొకటుంది. అవి వంటింటి చావులన్నిటినీ మనం అనుమానించడం నేర్చుకుంటున్న రోజులు. 1983లో 498ఎ వచ్చింది, 1986లో వరకట్న మరణాల సెక్షను 304బి వచ్చింది. స్టవ్ పేలింది అన్న మాట వెనక ఏముంటుందో ప్రజలకు తెలిసేలా చేసింది స్త్రీల ఉద్యమమే. పెద్దమ్మ చావు గురించి విని పట్నం నుంచి ఇద్దరు ముగ్గురు కార్యకర్తలు కూడా వచ్చారు. భర్త కొడతాడా, తాగుతాడా, అత్త ఉందా, కట్నం బాకీ ఉందా అని అడిగారు. అడగాల్సిన ప్రశ్నలే. అన్నిటికీ కాదు అనే జవాబు వచ్చింది. ఆ మనిషి నిజంగానే గుండెలు బాదుకుని ఏడుస్తున్నాడు. ప్రమాదమే అని తేలాక వాళ్ళకు అడగడానికి ఇంకో ప్రశ్న మిగల్లేదు. వెళ్ళిపోయారు. సాకెట్టును ఎవరూ చూడలేదు. అదే నెలలో గనిలో పైకప్పు కూలి ఒకరు చనిపోతే గనుల భద్రతా అధికారులు వచ్చారు, కొలతలు తీశారు, నష్టపరిహారం లెక్క కట్టారు. ఎంత చాలని లెక్కయినా లెక్క లెక్కే. వంటగది ఏ భద్రతా చట్టం కిందికీ రాదు. 1952 గనుల చట్టం ప్రమాదమనే కారణంతో ఆడవాళ్ళను భూగర్భంలోకి దిగనివ్వలేదు, ఆ తలుపు మళ్ళీ తెరుచుకున్నది 2019లో. ప్రమాదం లేని చోటని వాళ్ళను వదిలిన వంటింట్లో ఏ తనిఖీ అధికారీ అడుగు పెట్టలేదు.

తరువాత ఇరవై ఏళ్ళు నేను కూడా ఆ కార్యకర్తల్లాగే ప్రశ్నలు వేసే పనిలో ఉన్నాను. ఎన్నో వంటిళ్ళలో నిలబడి ఎన్నో చావుల గురించి రాసుకున్నాను. ఒక్కసారి కూడా ప్లగ్గుకు ఎన్ని పిన్నులున్నాయో చూసిన గుర్తు లేదు.

2022 జూలైలో గోదావరి భద్రాచలం దగ్గర 71.3 అడుగులకు వచ్చింది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు చూసినవాళ్ళు దీన్ని రెండోది అన్నారు. నీళ్ళు తీసిన వారానికి నేను ఒక స్నేహితురాలితో కలిసి ఏటి ఒడ్డు వాడలకు వెళ్ళాను. ఇళ్ళలో మోకాలి లోతు బురద, పొయ్యి గడ్డలు కరిగిపోయి, కట్టెలు నాని, గ్యాసు బండలు కొట్టుకుపోయి. కరెంటు మటుకు అప్పుడే తిరిగి ఇస్తున్నారు. ఒకామె అటక మీంచి పాత హీటరు దించి, బురద కడిగి, పొడిగుడ్డతో తుడిచి వెలిగించడానికి సిద్ధంగా ఉంది. చూస్తే పొడిగానే ఉంది. "ఆగమ్మా, పిన్ను పెట్టకు" అని నా నోటి నుంచి వచ్చిన గొంతు అమ్మది.

పాత ప్లేటు పగుళ్ళలోకి నీళ్ళు పోతే పైకి కనబడవు. బురదలోని ఉప్పులు తోడైతే కరెంటు ఆ తడి దారి పట్టుకుని రేకు డబ్బాకు చేరుతుంది. ఎర్తు లేని ఇంట్లో డబ్బాను ముట్టుకున్న మనిషే ఎర్తు. ప్లేటు విప్పి, రెండు మూడు రోజులు మంచి ఎండలో పెట్టి, పగులు ఉంటే పారేసి కొత్తది వేసి, అప్పుడు టెస్టరుతో డబ్బాను చూసి వాడాలి. ఆ ఇంటికి లీకేజీ బ్రేకరు ఉంటే, ముప్పై మిల్లీ ఆంపియర్లు పక్కదారి పట్టగానే అదే తెంపేస్తుంది. ఉన్న ఇల్లు ఆ వాడలో కనిపించలేదు. ఆమె నా మాట విని హీటరును గోడ మీద ఎండకు పెట్టింది. "మరి ఇయ్యాల వంటెట్ల?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. పక్కింటివాళ్ళతో కలిసి మూడు రాళ్ళ మీద తడి కట్టెలు రాజేశారు. పొగకు అందరం ఏడ్చాం.

గొట్టంలో దాగిన కాయిళ్ళు వచ్చి చాలాకాలమైంది. లోపల నైక్రోమ్ తీగ, చుట్టూ మెగ్నీషియం ఆక్సైడు పొడి, పైన లోహపు గొట్టం. గిన్నె కరెంటును ముట్టుకోదు. అమెరికాలో అద్దె ఇళ్ళలో ఎక్కువగా కనిపించేవి ఇవే. మా చెల్లెలి కూతురు అక్కడికి చేరిన కొత్తలో ఫోను చేసింది, సాంబారు పొంగి కాయిలంతా అంటుకుంది, ఊడదీసి సింకులో నానబెట్టానని. బయటికి తీయించాను. గొట్టం కొసల దగ్గర తడి లోపలి పొడిలోకి పీల్చుకుంటుంది. చల్లారాక ఊడదీసి, కింద గిన్నెలాంటి పళ్ళేన్ని సబ్బుతో కడుక్కోవచ్చు. కాయిలును మటుకు పిండిన గుడ్డతో తుడిచి, కొసలు తడవకుండా చూసి, పూర్తిగా ఆరాక మళ్ళీ తగిలించాలి. మిగిలిన మరక మొదటి వేడికి తనే మాడి పోతుంది, కాస్త పొగ వస్తుంది, కిటికీ తెరవాలి. "ఇదంతా మాన్యువల్లో ఉందత్తా, నేనే చదవలేదు" అంది. మాన్యువల్ ఉందన్న మాట దగ్గర నా మనసు ఆగిపోయింది. అమ్మ హీటరుతోపాటు ఒక్క కాగితం ముక్క కూడా రాలేదు.

1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల వచ్చాయి. గ్యాసు చాలా ఇళ్ళకు చేరింది. హీటరు పూర్తిగా పోలేదు. బండ ధర పెరిగినప్పుడల్లా అటక దిగుతుంది. 2024 ఫిబ్రవరిలో గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్లలోపు వాడే పేద ఇళ్ళకు కరెంటు బిల్లు లేకుండా పోయాక, కొత్తగూడెం బజారులో కాయిళ్ళు అమ్మే ఒక కొట్టతను గిరాకీ పెరిగిందని నాతో అన్నాడు. అతని మాట ఎంత నిజమో గానీ లెక్క మాత్రం వేసి చూశాను. రెండువేల వాట్ల హీటరు గంటకు రెండు యూనిట్లు. రోజుకు మూడు గంటలు వండితే నెలకు 180. లైటు, ఫ్యాను కలిపితే 200 దాటుతుంది, దాటితే మొత్తం బిల్లు వస్తుంది. అందుకని ఒకపూట హీటరు, ఒకపూట కట్టెలు. ఈ లెక్క వేసేది, మీటరు చూసేది, పిన్ను పీకేది ఎవరో మీకు చెప్పక్కర్లేదు.

పాల్వంచ పాత కేంద్రంలోని యూనిట్లు 2020 నాటికి మూతపడ్డాయి. 2024 ఆగస్టు 5న ఎనిమిది కూలింగ్ టవర్లను పేలుడు పదార్థాలతో కూల్చారు. టీవీలో చూశాను. అవి నడుం దగ్గర వంగి, ఒకదాని వెనక ఒకటి కూచుండిపోయాయి. ఇంజనీర్లు కన్నీళ్ళు పెట్టుకున్నారని పేపర్లు రాశాయి. వాళ్ళ జ్ఞాపకాలు వ్యాసాలుగా వచ్చాయి, చదివాను, బాగున్నాయి. ఆ వారమే నేను కాలనీకి వెళ్ళి, అమ్మతోపాటు వండిన ఆడవాళ్ళలో మిగిలిన ఐదుగురిని కూచోబెట్టి హీటరు గురించి అడగడం మొదలుపెట్టాను. మొదట నవ్వారు. "దాంట్లో చెప్పేదేముంది బిడ్డా" అన్నారు. తరువాత మూడు గంటలు చెప్పారు. ఒకామె ప్లేటు పగులుకు సున్నమూ గుడ్డు సొనా కలిపి అతికేదట. ఇంకొకామె గిన్నె కింద ఇనప రేకు పెట్టి కాయిలుకు గిన్నె తగలకుండా చేసుకుంది, మొగుడు వంట ఆలస్యమవుతోందని ఆ రేకు బయటికి విసిరేశాడు, మళ్ళీ తెచ్చి పెట్టింది. మూడో ఆమెకు కుడిచేతి మూడు వేళ్ళు సగం వంగి ఉంటాయి. ఎందుకో నేను చిన్నప్పుడు ఎన్నడూ అడగలేదు.

చెబుతూ చెబుతూ ఆమె లేచి లోపలికి పోయి ఇండక్షన్ పొయ్యి మీద టీ పెట్టింది. కొడుకు కొనిచ్చాడట. టీ దించాక, ఇంకా మాట్లాడుతూనే, చెయ్యి వెనక్కి చాపి, చూడకుండానే పిన్ను పీకింది.